బాలన్న ఎత్తని బస్తా

దమ్మామ్‌లోని ఆ గోదాములో పనిచేసే వాళ్లందరికీ కోరుట్ల రైస్‌మిల్లు బాగా తెలుసు. బాలన్న తప్ప ఒక్కడూ దాని మొహం చూసినవాడు కాడు. అయినా మిల్లు సేటు మీసం ఎంత పొడుగో, సేటు మేక ఏ రంగుదో అందరికీ కంఠతా వచ్చు. గల్ఫుకు రాకముందు బాలన్న పదమూడేళ్లు అక్కడ హమాలీ. ఒకనాడు క్వింటా బస్తా వీపున వేసుకుని లారీకి ఆనించిన చెక్క మీదుగా ఎక్కుతుంటే, మేక ఎగిరి బస్తా మీద కూర్చుందట. దాన్ని పట్టుకోబోయి సేటూ ఎక్కాడట. ఇద్దరితో సహా బాలన్న లారీ ఎక్కేశాడట. మొదటి ఏడాది కథలో మేక ఒక్కటే ఉండేది. రెండో ఏడాదికి సేటు ఎక్కాడు. ఈ ఏడాది సేటు చేతిలో చాయ్ గ్లాసు కూడా ఉంది, చుక్క ఒలకలేదు.

అంతటి బాలన్న రెండు నెలలుగా చొక్కా కింద తువాలు బిగించి కడుతున్నాడు. ఆ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. గోదాములో నేల మీదున్న నీళ్లపంపు పెట్టె ఒక్కడే లేపిన రోజు నడుములో ఏదో కలుక్కుమంది. అప్పటి నుంచి పొద్దున్నే మంచం దిగాలంటే ముందు పక్కకు దొర్లాలి, తర్వాత గోడను బతిమాలాలి. నలభై ఆరేళ్లకే తన బలం అయిపోయిందని అతను లోలోపల తేల్చేసుకున్నాడు. ఈ ముక్క ముదీరు, అంటే మేనేజరు, చెవిన పడితే వీసా మీద ఎగ్జిట్ కొట్టి విమానం ఎక్కిస్తాడని భయం. ఊళ్లో ఇల్లు గోడల దాకా లేచి, కప్పు కోసం ఆకాశం కేసి చూస్తోంది మరి.

అలాంటి సమయంలో గోడకు కాగితం అంటించారు. ఆదివారం పొద్దున అందరికీ బరువులు ఎత్తే శిక్షణ.

“బరువు లేపుడు నేర్పుతరట! రేపు అన్నం నములుడు గూడ నేర్పుతరేమో,” అన్నాడు బాలన్న.

“నువ్వు రాకుంటే ఎట్లనే? మేక ముచ్చట ఆ సారుకు ఎవలు చెప్తరు?” అన్నాడు పక్క మంచం నాగేందర్. ఇద్దరిదీ జగిత్యాల వైపే.

కంపెనీ పంపగా నేర్పడానికి వచ్చిన దిలావర్ కడప మనిషి. గాలి గట్టిగా వీస్తే స్తంభం పట్టుకుని నిలబడాల్సినంత సన్నం. వాణ్ణి చూడగానే బాలన్నకు ధైర్యం వచ్చింది.

“ఈ పెట్టె ఎవురు లేపుతారప్పా?” అని దిలావర్ నేల మీద ఒక అట్టపెట్టె పెట్టాడు.

“మా బాలన్న! మేకనూ సేటునూ మోసిండు సార్!” అని నాగేందర్ వెనక నుంచి తోశాడు.

ఇక తప్పలేదు. బాలన్న కాళ్లు కర్రల్లా నిలిపి, నడుము దగ్గర వంగి, పెట్టె పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. నడుముకు ఎవరో తాళం వేసి, తాళంచెవి సముద్రంలో పారేసినట్టయింది. పెట్టె నేల మీదే ఉంది. బాలన్న వంగినవాడు వంగినట్టే ఉన్నాడు.

“ఏందే, మేక ఎక్కిందా?” అన్నాడు నాగేందర్. గోదామంతా గొల్లుమంది.

“చీమలు పోతున్నయిరా, చూస్తున్న,” అన్నాడు బాలన్న నేలకేసి నవ్వుతూ. చెమట చుక్కలు టపటపా అట్టపెట్టె మీద పడుతున్నాయి.

దిలావర్ గొంతుక్కూర్చుని కింది నుంచి ఆ మొహం చూశాడు. చొక్కా పక్కన తొంగిచూస్తున్న తువాలు కూడా చూశాడు.

“ఎన్నాళ్లయిందన్నా?” అన్నాడు గొంతు తగ్గించి.

“రెండు నెలలు. కాళ్లు మొక్కుత సారూ, ఎవ్వలకు చెప్పకు. పంపిస్తరు.”

దిలావర్ లేచి అందరికేసి తిరిగాడు. “చూసినారా? ఎట్ల ఒంగకూడదో బాలన్న చూపిస్తాండాడు. నవ్వేటోళ్లంతా రోజూ ఇట్లనే ఒంగుతాండారు.”

నవ్వినవాళ్లు ఎవరి నడుము వాళ్లు తడుముకున్నారు. దిలావర్ బాలన్న భుజం కింద చెయ్యి వేసి, మోకాళ్లు మెల్లగా మడిపించి, అతన్ని ఆ పెట్టె మీదే కూర్చోబెట్టాడు.

“ఒగటి అడుగుతా. మిల్లులో ఆ బస్తాను నీ ఈపు మీదికి ఎవురు ఎత్తుతాంటిరి?”

“ఇంకెవలు? రాజమల్లు, ఈరయ్య. చెరో దిక్కు పట్టి, ఒక్క మాట మీద లేపుదురు. నేను కొంచెం కూర్చున్నట్టు నిలబడి వీపు పెడుదును...” అంటూనే బాలన్న ఆగిపోయాడు.

“అంటే పదమూడేండ్లలో నేల మీంచి ఒక్క బస్తా నువ్వొగనివే ఎత్తింది లేదు.”

ఆ కథలో మేకనూ సేటునూ ఎన్నడూ మరవని మనిషి, బస్తా ఎత్తిన ఆ ఇద్దరినీ మాత్రం శుభ్రంగా మరిచిపోయాడు. “లేదు సారూ,” అన్నాడు చిన్నగా.

“బలం యాడికీ పోలేదన్నా. ఈడ ఎత్తిచ్చే ఇద్దరు లేరు, అంతే. మా యమ్మ కట్టెలమోపు కట్టి, దోవన పొయ్యేటోళ్లను పిలిచి ఎత్తించుకునేది. ఎవురూ కాదనేవాళ్లు కాదు.”

“మా పోశమ్మ గూడ గంతే. గడ్డిమోపు కాడ నిలబడి ‘జర ఎత్తియ్యరాదుర్రి’ అంటది.” అన్నాడు బాలన్న, ఊళ్లోని భార్యను తలుచుకుని.

ఆ తర్వాత బాలన్నను పక్కనున్న కుర్చీలోకి మార్చి, దిలావర్ చేసి చూపించాడు. ముందు పెట్టెను కాలితో తోసి బరువు చూడాలి. దగ్గరికి జరిగి, కాళ్లు ఎడంగా పెట్టి, మోకాళ్లు మడవాలి. బరువును పొట్టకు హత్తుకుని తొడల బలంతో లేవాలి. నడుము మెలిపెట్టకుండా పాదాలతో తిరగాలి. ఒక్కడికి మించితే ఇంకొకణ్ణి పిలవాలి. ఆ వెదురుబద్ద మనిషి అదే పెట్టెను పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తాడు. బాలన్న కూర్చునే నేర్చుకున్నాడు.

“నీ సంగతి మాత్రం నేను కాగితం మీద రాయాల్సిందే,” అన్నాడు చివర్లో దిలావర్. “దాచిపెట్టి నడుము ఇరగ్గొట్టుకుంటే, అప్పుడు నిజంగానే విమానం. నాతో డాక్టరు కాడికి పా.”

బాలన్న చావుకు నడిచినట్టు నడిచాడు. ఎముకకు ఏమీ కాలేదు, కండ పట్టేసింది, మూడు వారాలు బరువు ముట్టొద్దన్నాడు డాక్టరు. ముదీరు మొహం ముడుచుకుని, డాక్టరు రాసిచ్చిన కాగితం రెండుసార్లు చదివాడు. సంగతి తేలేదాకా దిలావర్ అతని ఎదుటి కుర్చీ వదల్లేదు. చివరికి ముదీరు బాలన్నను చీటీలు అంటించే బల్ల దగ్గరికి మార్చాడు. విమానం మాటే రాలేదు.

నాలుగో వారం బాలన్న తువాలు లేకుండా పనిలోకి వచ్చాడు. లారీ పక్కన పెద్ద పంపుపెట్టె ఉంది. కాలితో తోశాడు, కదల్లేదు. చుట్టూ చూశాడు. మేకను మోసిన మనిషి అడగాల్సిన మాట కాదది. అయినా పిలిచాడు.

“ఓ నాగేందరూ, జర ఎత్తియ్యరాదురా!”

నాగేందర్ చేతిలో పని వదిలి వచ్చి అవతలి కొస పట్టాడు. ఇద్దరూ మోకాళ్లు మడిచారు, ఒక్క మాట మీద లేపారు. పెట్టె లారీలోకి చేరింది. బాలన్న నడుము చప్పుడు చెయ్యలేదు.

చాయ్ తాగేటప్పుడు కొత్తగా వచ్చిన ఇద్దరికి అతను మళ్లీ మిల్లు కథ ఎత్తుకున్నాడు.

“రాజమల్లు ఒక దిక్కు, ఈరయ్య ఒక దిక్కు పట్టి బస్తా నా వీపు మీద పెట్టిండ్రు...”

“వీళ్లెవలే? ఇన్నేండ్లల్ల ఎన్నడు చెప్పలే!” అన్నాడు నాగేందర్.

“వాళ్లు లేకుంటే మేక యాడ ఎక్కుతదిరా?” అన్నాడు బాలన్న. కథ ముగిసేసరికి సేటు రెండో చాయ్ కూడా తాగేశాడు.