వంటగది లేని చోటు

ఆదివారం మధ్యాహ్నం బయట భోంచేద్దామని లెయార్కో పిలిచినప్పుడు నీవెస్ సంతోషంగానే ఒప్పుకుంది. ఆయన తీసుకెళ్తానన్న చోటు విన్నాక మాత్రం ఆమె మొహం వాడిపోయింది. అది చేపల బజారు వెనక సందులో ఉన్న పాత వైన్ కొట్టు. అక్కడ వైన్ తప్ప ఇంకేమీ అమ్మరు. తిండి ఎవరిది వాళ్లే మూట కట్టుకుని వెళ్లాలి. ఇటలీలో ఈ బొలోన్యా ఊళ్లో పుట్టినవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

"చూశావా అక్కా!" అంది చెల్లెలు యోలే. "భార్య పోయి నాలుగేళ్లయింది, వండిపెట్టే మనిషి కోసం చూస్తున్నాడు. ఖాళీ చేతుల్తో వెళ్లు. ఆయనకి నువ్వు కావాలో, నీ వంట కావాలో అక్కడే తేలిపోతుంది."

లెయార్కో ఎదురింట్లో ఉంటాడు. బట్టలు కుట్టి కుట్టి ఈమధ్యే ఆ పని మానేశాడు. సాయంత్రాలు ఇద్దరూ వీధి వసారాల కింద కలిసి నడుస్తారు. ఒకే ఇంట్లో ఉందామా అని ఆయన అడిగి నెలయింది. ఆదివారం చెబుతానంది నీవెస్. ఒక హోటలు వంటగదిలో ముప్పై ఒక్క ఏళ్లు పాస్తా కోసం పిండి రేకులు వత్తి, ఇంటికొచ్చి మళ్లీ మొగుడికి వండిపెట్టిన మనిషి. పోయిన ఆ మొగుడు పళ్లెంలోంచి తల ఎత్తేవాడు కాడు. మళ్లీ అలాంటి బతుకైతే ఆమెకు వద్దు.

ఆదివారం పొద్దున్నే అలవాటుగా చేతులు పిండి డబ్బా మీదికి పోయాయి. మూత గట్టిగా బిగించి, ఖాళీ సంచీతో బయలుదేరింది.

కొట్టంతా జనమే. పొడవాటి బల్లల మీద మూటలు విప్పుకుని తింటున్నారు. లెయార్కో మూలన రెండు గ్లాసులతో కూర్చున్నాడు.

"నేనేమీ తేలేదు," అంది నీవెస్, కూర్చోకుండానే, ఆయన మొహంలోకి చూస్తూ.

"హమ్మయ్య!" అన్నాడాయన. "ఎక్కడ తెస్తారోనని హడలిపోతున్నాను."

బల్ల కింద నుంచి గుడ్డలో చుట్టిన పళ్లెం తీశాడు. ఉల్లిపాయలు వేసిన కోడిగుడ్డు అట్టు. ఒకవైపు నల్లగా మాడింది. బట్ట కత్తిరించినంత జాగ్రత్తగా రెండు సమాన భాగాలు చేశాడు.

"ఇది నాలుగోది," అన్నాడు. "ముందు మూడూ కుక్క కూడా ముట్టలేదు."

"ఇంత కష్టమెందుకు? ఊళ్లో హోటళ్లే లేవా?"

"మీ చెల్లెలి పుట్టినరోజుకి హోటల్లో ఏం చేశారు? పాస్తా రేకు మందంగా ఉందని లోపలికెళ్లి అప్పడాల కర్ర లాక్కున్నారు. మేమంతా గంటసేపు మీ ఖాళీ కుర్చీ చూస్తూ తిన్నాం."

"ఆ పిల్లకి వత్తడం రాదండీ మరి!"

"అదే! ఎక్కడ కూర్చున్నా మీ కళ్లు వంటగది తలుపు మీదే. ఊరంతా వెతికాను నీవెస్ గారూ. వంటగది లేని చోటు ఇదొక్కటే దొరికింది."

నీవెస్‌ కుర్చీ లాక్కుని కూర్చుని, పెద్ద ముక్క నోట్లో పెట్టుకుంది. ఉప్పు లేదు. ఉల్లిపాయ సగం పచ్చిగానే ఉంది. ఎవరో తనకోసం వండింది తిని ఎన్నేళ్లయిందో లెక్క తేలలేదు.

పక్క బల్ల దగ్గరి ఆవిడ తొంగిచూసింది. "అయ్యయ్యో, మీ ఆయన మాడ్చేశాడా తల్లీ? మా మూటలోని మాంసం ముక్కలు రెండు వేసుకోండి."

నీవెస్ నిండు నోటితో నవ్వి, వద్దని చెయ్యి ఊపింది. లెయార్కో చెవులు ఎర్రబడ్డాయి. గ్లాసు పక్కకి జరిపి, నెమ్మదిగా అన్నాడు.

"ఆవిడ 'మీ ఆయన' అంది. మీరు కాదనలేదు."

"నోట్లో మీ అట్టు ఉంటే ఎలా కాదంటాను?" అని, ఆయన వాటాలోంచి మాడిన అంచు తుంచుకుంది నీవెస్.