మేకులు పట్టే పెదవి

ఆ ఉదయం ఆకాశం కురవాలో మానాలో తేల్చుకోలేక మబ్బుల్ని అటు తోసి ఇటు లాగుతోంది. పళ్ల డాక్టరమ్మ కుర్చీలో వెల్లకిలా పడుకున్న వడ్రంగి మనసూ అలాగే ఉంది. ఎడమ కింది దవడపన్ను పీకించుకోకపోతే ముద్ద దిగదు. పోయినసారి ఇంకో డాక్టరు సూది వేసి పట్టకారు పెట్టగానే ప్రాణం జివ్వుమని, కుర్చీ దిగి పారిపోయాడు. మత్తు తన ఒంటికి ఎక్కదని అప్పట్నుంచీ అతని నమ్మకం. అందుకే పెళ్లాం గుమ్మానికి అడ్డంగా స్టూలు వేసుకుని కూర్చుంది.

డాక్టరమ్మ నోరు బార్లా తెరిపించి, దవడ ఎముక మలుపు తిరిగే చోట సూది దింపింది. కాసేపాగి అడిగింది.

"పెదవి మొద్దుబారిందా?"

నాలుకతో తడిమి చూసుకున్నాడు. "మొద్దుగానే ఉందమ్మా."

పన్ను పక్క చిగురు మీద ఇనుప మొన తగిలిందో లేదో, "చచ్చాన్రోయ్!" అని లేచి కూర్చున్నాడు.

డాక్టరమ్మ తెల్లబోయింది. "మొద్దుబారిందన్నారుగా! పెదవికీ పన్నుకీ నరం ఒకటే."

"అబద్ధమాడితే నాకేం ఒరుగుతుందమ్మా? నా ఒంటికి మందెక్కదు, అంతే." ఒక కాలు కిందపెట్టాడు.

"ఆగండి," అంది పెళ్లాం. "ఏ వైపు పెదవి? మేకులు పట్టుకునే వైపేనా?"

"ఆ వైపే."

"అది ఎప్పుడు బతికుంది గనక! వేడి టీ పడి బొబ్బలెక్కినా ఈయనకి తెలీదు డాక్టరమ్మా. పనిచేసినంతసేపూ ఆ మూలనే మేకుల గుత్తి."

డాక్టరమ్మ వంగి ఆ మూలను చూసింది. కాయ కాచి ఉంది. "సూది నరం పక్కనుంచి పోయింది. ఈ పెదవి నన్ను నమ్మించింది," అంటూ మళ్లీ సూది అందుకుంది. ఈసారి గడ్డం గురించీ, నాలుక గురించీ అడిగింది.

"సగం గడ్డం ఎవరిదో తెచ్చి అతికించినట్టుంది," అన్నాడు అయోమయంగా.

పన్ను పళ్లెంలో టంగుమన్నాక కూడా, "మొదలెట్టారా?" అని అడిగాడు.

"మత్తు దిగేదాకా ఏమీ తినకండి. పెదవి కొరుక్కుంటారు," అని చెప్పి పంపింది డాక్టరమ్మ.

ఇంటికొచ్చాక చల్లారిన జావ ముందు పెట్టుకుని పెదవి నొక్కి చూసుకున్నాడు. మొద్దే. ఇది మందు మొద్దో, మేకుల మొద్దో? మళ్లీ నొక్కాడు. ఆకలి దంచేస్తోంది.

పెళ్లాం చెయ్యి చాచి ఆ వైపు గడ్డం గట్టిగా గిల్లింది.

"అబ్బా!"

"దిగింది. తినండి."

జావ చుక్క ఒకటి పెదవి మూలనుంచి జారింది. అతనికి తెలియలేదు. ఆమె వేలితో తుడిచి, తన గిన్నె దగ్గరకు లాక్కుంది.