తీసెయ్యమన్న మాట

క్యాథరిన్ ఫోను ఆపి, కొంచెం వెనక్కి జరిపి మళ్ళీ పెట్టింది. "ఐసు గడ్డలు కొట్టీ కొట్టీ..." అంటోంది సుబ్బాయమ్మ గొంతు. ఆ తరువాతి మాట లారీ చప్పుడులో కలిసిపోయింది. మూడోసారి విన్నాక దొరికింది. "...చెవులు కూడా తిమ్మిరెక్కిపోతాయమ్మా." అలాగే టైపు చేసింది. ఆ వెంటనే వినిపించిన నవ్వును 'నవ్వు' అని బ్రాకెట్లలో పెట్టింది. దగ్గితే దగ్గు అని రాయాలి. మాట్లాడకపోతే మౌనం అని రాయాలి. ఎదుటి మనిషి మాటను దిద్దకూడదు. గుణాత్మక పరిశోధనా పద్ధతుల పేపరు మొదలుపెట్టిన రోజునే లెక్చరరు జనార్దనరావుగారు ఈ సంగతి గట్టిగా చెప్పారు.

తాడేపల్లిగూడెంలో ఒక ఆడపిల్లల హాస్టలుకు క్యాథరిన్ వార్డెను. పొట్టి మనిషి. కళ్ళజోడు తాడుతో మెడలో వేలాడుతూ ఉంటుంది. మేడమెట్లు ఎక్కీ దిగీ సాయంత్రానికి చీలమండలు ఉబ్బుతాయి. లైట్లు ఆర్పండి, కుళాయి కట్టండి అని అరిచీ అరిచీ గొంతు ఎప్పుడూ కొంచెం బొంగురుగానే ఉంటుంది. డిగ్రీ అయిన ఏడాదే తల్లికి పక్షవాతం వచ్చింది. పెంటపాడులో ఆ మంచానికీ, ఈ హాస్టలు పనికీ మధ్యనే వయసు గడిచిపోయింది. సంబంధాలు వచ్చి, మంచాన్ని చూసి వెళ్ళిపోయాయి. తల్లి పోయాక, నలభై దాటాక, ఏలూరులో దూరవిద్య ఎమ్మేలో చేరింది. "ఇప్పుడు మీకెందుకండీ మేడం?" అని హాస్టలు పిల్లలు అడిగితే, "ఊరికే" అంది. అంతకన్నా జవాబు ఆమెకూ తెలియదు.

ఈ పేపరు కోసం ఒక శ్రామిక స్త్రీ జీవితం ఆమె నోటనే విని రాయాలి. హాస్టలు వంటామె ద్వారా సుబ్బాయమ్మ దొరికింది. కొల్లేటి లంకలో ఇల్లు, చేపల ప్యాకింగు షెడ్డులో పని. క్యాథరిన్ మూడుసార్లు వెళ్ళింది. మొదటి రెండుసార్లు షెడ్డు గురించి, మొగుడి గురించి, సర్కారువాళ్ళు చేపల చెరువుల గట్లు కొట్టేసిన ఏడాది గురించి నవ్వుతూనే చెప్పింది సుబ్బాయమ్మ. కూతురు మంగ దగ్గరకు వచ్చేసరికి, "జ్వరంతో పోయిందమ్మా" అని ఊరుకుంది.

ఎదుటివారు మాట్లాడేటప్పుడు మన సంగతులు చెప్పకూడదని పాఠం. మూడోసారి వెళ్ళినప్పుడు క్యాథరిన్ ఆ పాఠం తప్పింది. ఎందుకో తెలియకుండానే తన తల్లి సంగతి చెప్పేసింది. అమ్మ పోయిన రాత్రి తాను హాస్టల్లో పిల్లల హాజరు తీసుకుంటూ ఉందని, ఇంటికి వెళ్ళేసరికి అమ్మ ఒళ్ళు చల్లబడి ఉందని. సుబ్బాయమ్మ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. తరువాత నెమ్మదిగా చెప్పింది.

"మంగ పోయినప్పుడు నేనూ ఇంట్లో లేనమ్మా. ఆ రోజు లోడు ఎక్కువుందని షెడ్డుకి రమ్మన్నారు. మందేసి, కాసేపట్లో వచ్చేస్తాగా అని తలుపు దగ్గరకేసి వెళ్ళిపోయా. వచ్చేసరికి అయిపోయింది. ఆయన చెరువు కాపలా నుంచి వచ్చి అడిగితే, నా ఒళ్ళోనే పోయిందయ్యా అన్నా. ఈ రోజుదాకా అదే మాట."

క్యాథరిన్ లేచి వచ్చేస్తుంటే చెయ్యి పట్టుకుంది. "ఆ ముక్క తీసెయ్యండమ్మా. ఆయనకి తెలీదు."

"తీసేస్తానండీ, పిన్నిగారూ."

తీయలేదు. విన్నదంతా రాయాలి కాబట్టి రాసి, ఏలూరు తీసుకువెళ్ళి చూపించింది. జనార్దనరావుగారు కాగితాలు తిరగేస్తూ ఆ పేరా దగ్గర ఆగారు. దాని చుట్టూ ఎర్ర సిరాతో గీత గీశారు.

"మీ రిపోర్టుకి ప్రాణం ఇదేనమ్మా. పేరెలాగూ మారుస్తాం. ఇది తీసేస్తే మిగిలేది ఐసూ చేపలే కదా."

"తీసెయ్యమన్నారండీ ఆవిడ."

ఆయన ఎర్ర పెన్నుకు మూత పెట్టారు. "అయితే మళ్ళీ వెళ్ళి, రాసింది చదివి వినిపించండి. ఒప్పుకుంటేనే ఉంచండి."

పనులు తెమలక ఆ ప్రయాణం వాయిదా పడుతూ వచ్చింది. ఈ రోజు రెండో శనివారం, పిల్లలు ఊళ్ళకు వెళ్ళారు. పొద్దున మొదటి రికార్డింగులో మిగిలిన టైపింగు ముగించి, కాగితాలు సంచిలో పెట్టుకుని క్యాథరిన్ బస్సెక్కింది. గుండుగొలనులో దిగి ఆటో ఎక్కింది. రోడ్డుకు రెండువైపులా కిక్కిస గడ్డి గాలికి వాలిపోతోంది. ఎలా అడగాలో దారంతా మనసులో అనుకుంది. ఒప్పుకుంటుందిలే అనుకుంది. ఒప్పుకోవాలని ఉంది. తను చేసిన పనిని ఒకరు బాగుందని మెచ్చుకుని ఎన్నేళ్ళయిందో ఆమెకు గుర్తులేదు.

ఇంటి ముందు అరుగు మీద సుబ్బాయమ్మ భర్త సత్తిబాబు ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ఎండకు నల్లబడ్డ ఎముకల మనిషి. గుండు మీద వెంట్రుకలు అప్పుడప్పుడే మొలుస్తున్నాయి. ఆమెను చూసి లేచాడు.

"రికార్డు చేసుకునే మేడంగారు మీరేనాండీ?"

"అవునండీ. పిన్నిగారు షెడ్డుకి వెళ్ళారా?"

"పోయిందండీ," అన్నాడు. "పెద్దకర్మ కూడా అయిపోయింది. ట్రే ఎత్తుతా ఎత్తుతా అక్కడే కూలబడిపోయిందంట. నాకు కబురొచ్చి నేను ఏలూరు ఆసుపత్రికి పరిగెత్తేసరికి, గుడ్డ కప్పేశారండీ."

క్యాథరిన్ అరుగు అంచున కూర్చుండిపోయింది. సంచి ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకుంది. అతను ఆమె వైపు కాకుండా, దూరంగా గట్టు వైపు చూస్తూ మాట్లాడాడు.

"ముప్పై ఏళ్ళు కాపరం చేసి ఆఖరికి దగ్గర లేకుండా పోయానండీ. మా మంగ నయం. తల్లి ఒళ్ళో పోయింది. ఆ ఒక్కటీ తల్చుకుంటే పాప సంగతి తట్టుకోగలను."

ఆమె సంచి మూతిని మడిచి పట్టుకుంది.

"మీ దగ్గర దాని గొంతుందంట కదండీ. ఓసారి వినిపిస్తారా?"

క్యాథరిన్ ఫోను తీసింది. మొదటి రికార్డింగు పెట్టి అరుగు మీద ఇద్దరికీ మధ్య ఉంచింది. సుబ్బాయమ్మ మాట్లాడింది. కింద ఐసు, మీద చేప, మళ్ళీ ఐసు అంది. చెవులు తిమ్మిరెక్కడం గురించి చెప్పి నవ్వింది. సత్తిబాబు ముందుకు వంగి, ఫోను మీద చెవి పెట్టినంత దగ్గరగా విన్నాడు. రెండోదానిలో అతని సంగతి వచ్చింది. "మా ఆయన గురకకి గట్టు మీద పాములు కూడా పక్కకి తప్పుకుంటాయమ్మా" అంది. అతను నవ్వాడు. నవ్వుతూనే మోకాళ్ళ మధ్య తల పెట్టుకున్నాడు. భుజాలు కదులుతూ ఉండిపోయాయి.

చాలాసేపటికి తలెత్తి, "ఇంకా ఉందాండీ?" అని అడిగాడు.

మూడో రికార్డింగు ఆమె వేలి కిందే ఉంది.

"లేదండీ, బాబాయిగారూ. అంతే."

"పాప గురించి ఇంకేమన్నా చెప్పిందాండీ?"

"ఫోను ఆపేశాక చెప్పారండీ." క్యాథరిన్ ఫోను ఒళ్ళోకి తీసుకుంది. "ఒళ్ళోనే పోయిందని చెప్పారు."

అతను తల ఊపాడు. ఆ రెండు రికార్డింగులూ మెమరీ కార్డులో వేసి పంపిస్తానని ఆమె అంటే రెండు చేతులూ జోడించాడు. "మంచినీళ్ళన్నా తాగి వెళ్దురుగానండీ," అని లోపలికి వెళ్ళాడు.

చెంబు కడుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. క్యాథరిన్ మూడో రికార్డింగును చెరిపేసింది. సంచిలోంచి ఎర్ర గీత ఉన్న కాగితం తీసి, చిన్న చిన్న ముక్కలుగా చింపి గుప్పిట్లో పెట్టుకుంది. హాస్టలు గదిలో కంప్యూటరులో ఉన్నదాన్ని వెళ్ళగానే తీసెయ్యాలి. ఇక మిగిలేది ఐసూ చేపలే. తన తల్లి గురించి జీవితంలో ఒక్కసారి, ఒక్క మనిషితో చెప్పుకున్న మాటలు కూడా దానితోనే పోయాయి.

నీళ్ళు తాగి, చెంబు అతని చేతికిచ్చి, "వెళ్ళొస్తానండీ" అంది. అతను ఆటో దాకా వస్తానంటే వద్దంది. అరుగు దిగి చెప్పులు తొడుక్కుంటూ పక్కకు చూసింది. తడిక కర్రలకు, షెడ్డులో తొడుక్కునే ఆడవాళ్ళ రబ్బరు బూట్ల జత, కడిగి ఆరబెట్టినట్టు, బోర్లించి ఉంది. కుడికాలి బూటుకు మడమ దగ్గర సైకిలు ట్యూబు ముక్క అతికించి ఉంది.