గంగ గడప ముందు పడుకున్న పంది

పొద్దు కొండ దాటకముందే సోంబరు లేచి, అంబలి కుండ అడుగున మిగిలిన గంజిలో ఇప్పపూల పిప్పి కలిపి పంది ముందు పెట్టేవాడు. పెట్టి అక్కడే గొంతుక్కూర్చుని, అది తినే చప్పుడు వింటూ చుట్ట కాల్చుకునేవాడు. ఆ పంది పేరు కర్రి. నల్లటిది, పొడుగాటి మూతి, వీపు మీద బిరుసు వెంట్రుకలు. పగలంతా కొండవాలు తవ్వుకుని దుంపలు తిని, సాయంత్రం తనంతట తనే ఇల్లు చేరేది. అంత తిరిగే పంది కాబట్టి ఒంటి మీద కొవ్వు తక్కువ, కండ ఎక్కువ.

అరకు లోయకి పైన పదిహేడు ఇళ్ళ ఊరు అది. ఆ ఊళ్ళో ఏ పందిని కొయ్యాలో మనుషులు ఎంచేవారు కాదు. ఎవరి ఒంట్లో నెత్తురు తగ్గిపోతే వాళ్ళ ఇంటికి ఏదో ఒక పంది నడిచి వచ్చి, గడప మీద గడ్డం ఆనించి పడుకునేది. మూడు పొద్దులు తిండీ నీళ్ళూ ముట్టేది కాదు. నాలుగో పొద్దున దాన్ని కోసేవారు. వెన్నుకి రెండు పక్కలా ఉండే ఎర్రకండ జబ్బు మనిషిది, తలకాయ దాన్ని పెంచినవాడిది, తక్కినది ఊరందరిదీ.

ఆ కండ ఎలా వండాలో కాన్పులు చేసే చిన్నమ్మలు అనే ముసలిది దగ్గరుండి చెప్పేది. కొవ్వు పొర గోటితో ఒలిచి పక్కన పడేయించేది. ఉప్పూ పిప్పళ్ళూ వేసి, కండ పీచుపీచుగా విడిపోయేదాకా సన్నమంట మీద ఉడికించేది.

"కొవ్వు తింతే కడుపు నిండుతాది గానీ నువ్వు లేవవు. ఈ ఎర్రది తిను. రసం కూడా వొదలకు" అనేది. పది రోజుల తర్వాత వచ్చి నాలిక చూపించమనేది. నాలిక ఎర్రబడి ఉండేది. మనిషి లేచి పోడు పనికి వెళ్ళిపోయేవాడు.

కింద గూడెం కొండల్లో తెల్లదొరల మీద ఫితూరీ లేచిందని సంతలో చెప్పుకుంటున్న రోజుల్లో, సోంబరు వాళ్ళ అన్న గాసి చలిజ్వరంతో పోయాడు. అప్పటికి అతని పెళ్ళాం గంగకి నెలలు నిండుతున్నాయి. ఆడపిల్ల పుట్టింది. అన్న పోతే వదినని తమ్ముడు తన ఇంటికి పెళ్ళాంగా రమ్మని అడగడం వాళ్ళలో ఉన్నదే. సోంబరు అడిగాడు.

గంగ పిల్లని ఒళ్ళో వేసుకుని కాసేపు ఆలోచించింది. "నీది మీ అన్న మొకమే మరిదీ. రోజూ ఆ మొకం ఎలాగ సూడను?" అంది.

నెమ్మదిగానే అంది. సోంబరు కూడా సరేనని లేచి వచ్చేశాడు. తనకి కోపం రాలేదనే అనుకున్నాడు. నెల తిరక్కుండా గెడ్డ నీళ్ళు దాటితే వచ్చే ఊళ్ళో కనక అనే పిల్లని మాట్లాడుకున్నాడు. పిల్లవాళ్ళకి ఓలి కింద ఒక చీర, రెండు కుండల సారా, ఒక పంది ఇస్తానన్నాడు. ఇంట్లో ఉన్నది కర్రి ఒక్కటే.

పెళ్ళివాళ్ళు నాలుగు రోజుల్లో వస్తారనగా, కర్రి సాయంత్రం ఇంటికి రాలేదు. గంగ గడప ముందు పడుకుందని ఎవరో చెప్పారు.

సోంబరు వెళ్ళేసరికి గంగ పొయ్యి పక్కన కూర్చుని పిల్లకి పాలిస్తోంది. పెదాలు బూడిద రంగుకి తిరిగాయి. చిన్నమ్మలు అప్పటికే ఆమె నాలిక చూసింది.

"సున్నంలాగుంది" అంది ముసలిది.

"నాలుగు రోజుల్లో పెళ్ళివోళ్ళు వత్తన్నారు. ఇంకో పంది వత్తాదిలే" అన్నాడు సోంబరు.

"రావొచ్చు" అంది చిన్నమ్మలు. వద్దని అనలేదు. గడప ముందు పడుకున్న పందిని లాక్కుపోయినవాడు ఆ ఊళ్ళో అంతవరకూ లేడు. అలాంటప్పుడు ఏమనాలో ఆమెకి తోచలేదు.

సోంబరు గంగ వైపు చూశాడు. ఉంచమని ఆమె ఒక్క మాట అంటే ఉంచేద్దామనుకున్నాడు. పెళ్ళి వాయిదా పడితే పడిందనుకున్నాడు. కానీ తను అడిగినప్పుడు కాదన్న మనిషి, ఇప్పుడు నోరు తెరిచి తనని అడగాలని ఉంది అతనికి.

గంగ పిల్లని ఈ రొమ్ము నుంచి ఆ రొమ్ముకి మార్చుకుంది. "తీసుకుపో మరిదీ. పెళ్ళి ఆగకూడదు" అంది.

అతను అడవితీగ కర్రి కాలికి కట్టి లాగాడు. పంది అరవలేదు. తీగ వదులైనప్పుడల్లా గంగ ఇంటి వైపు తిరిగింది. చివరికి నాలుగు కాళ్ళూ కట్టి కావడికి వేలాడదీసుకుని తీసుకుపోయాడు.

పెళ్ళిలో ఆ కూర తిన్నవాళ్ళకి సొరకాయ ముక్కలు తిన్నట్టే ఉంది. ఎంత తిన్నా ఆకలి తీరక చుట్టాలు అంబలి అడిగి తాగారు. సోంబరు వెన్ను పక్క కండ విడిగా తీసి, అడ్డాకులో చుట్టి గంగకి పట్టుకెళ్ళాడు. ఆమె వండుకుని, ఒక ముక్క చాలాసేపు నమిలింది.

"ఇందులో ఏటీ లేదు మరిదీ" అంది, ఉప్పు చాల్లేదని చెప్పినట్టు.

ఇంకో పంది రాలేదు. ఊరి పందులన్నీ ఆ గడప ముందునుంచే తిరిగేవి గానీ ఒక్కటీ ఆగేది కాదు. సోంబరు తన మేనమామ పందిని తాడేసి తెచ్చి, గడప ముందు బలవంతంగా పడుకోబెట్టి, మెడ మీద చెయ్యేసి పొద్దెక్కేదాకా కూర్చున్నాడు. చెయ్యి తియ్యగానే అది లేచి దులుపుకుని వెళ్ళిపోయింది. లోపలినుంచి గంగ చూసింది. "పోన్లే మరిదీ, నువ్వింటికి పో" అంది.

వానలు పట్టిన నెలలో గంగ పోయింది. పిల్లని ఎవరు పెంచాలని పెద్దలు మాట్లాడుకుంటుంటే కనక లేచి, "ఇలా తెండి" అని చేతులు చాపింది. తన ఓలికి వచ్చిన పంది ఏదో ఆమెకి తెలుసు. ఆ మాట మొగుడి దగ్గర ఎప్పుడూ ఎత్తలేదు. సోంబరు మాత్రం ఆమె మౌనంగా ఉన్నప్పుడల్లా ఆ మాటే విన్నాడు.

పిల్ల పేరు సుక్రి. చోడిపిండి జావ తాగి పెరిగింది. నడక వచ్చాక సోంబరు వెనకే తిరిగేది. అతని ఆకులోనే తినేది. తన ముద్దల్లో సగం పిల్ల నోట్లో పెడితే గానీ అతనికి తిన్నట్టుండేది కాదు. చిన్నమ్మలు కాలం చేసింది. గంగని బాగా ఎరిగినవాళ్ళు ఒక్కొక్కరే తగ్గిపోయారు.

సుక్రికి ఏడో ఏడు నడుస్తుండగా చలిజ్వరం సోంబరుని పట్టుకుంది. నెలల తరబడి వదల్లేదు. కడుపులో ఎడంపక్క బల్ల పెరిగి గట్టిపడింది, గోళ్ళు తెల్లబడ్డాయి, లేస్తే కళ్ళు తిరిగి పడిపోయేవాడు. ఏ పందీ రాదని అతనికి తెలుసు. అందుకు మనసులో సిద్ధపడ్డాడు. అది న్యాయమే అనిపించి కొంచెం నిమ్మళంగా కూడా ఉంది.

ఒక పొద్దున సుక్రి పెంచుకుంటున్న కుర్రపంది వచ్చి గడప మీద గడ్డం ఆనించింది.

"లేపెయ్యే దాన్ని. నాకొద్దు" అన్నాడు సోంబరు.

సుక్రి ఏడుస్తూ పంది పక్కన కూర్చుంది. "నేను లేపితే మాత్రం లేత్తాదా సిన్నాన్నా? అది నీకాడికొచ్చింది."

"తాడేసి లాగు. నీ పందే కదా."

కనక పొయ్యి దగ్గర్నుంచి వచ్చి మొగుడి ముఖంలోకి చూసింది. ఇన్నేళ్ళలో ఆ సంగతి మీద మొదటిసారి నోరు విప్పింది. "ఆ పని ఆ పిల్ల సేత సేయించకు" అంది.

నాలుగో పొద్దున పందిని కోశారు. కనక కొవ్వు గోటితో ఒలిచింది. సుక్రి మంట దగ్గర కూర్చుని పుల్లలు ఎగదోసింది గానీ ఒక్క ముక్క ముట్టలేదు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే ఆ కండలో ఎంత బలం ఉందో సోంబరు నాలికకి తెలిసింది. ఇది వేరొకరికి ఎలా ఉండాల్సిందో కూడా తెలిసింది. తర్వాత మింగాడు.

ఇరవై రోజులకి నాలిక ఎర్రబడింది. నెలకి అరుగు మీదకి వచ్చి కూర్చున్నాడు.

"ఆరోజు దాన్నెందుకు లేపెయ్యమన్నావు?" అని అడిగింది సుక్రి.

అతను చెప్పాడు. గంగ ఒక్క మాట అడిగితే ఉంచేద్దామనుకున్నానని, ఆమె అడగలేదని, అందుకే లాక్కుపోయానని, ఏదీ దాచకుండా చెప్పాడు. చెబుతున్నంతసేపూ పిల్ల వేలితో మట్టి మీద గీతలు గీస్తూ ఉంది.

"అమ్మ నిన్నెందుకు అడగాల?" అంది చివరికి.



సుక్రి లేచి లోపలికి వెళ్ళింది. మధ్యాహ్నం అతని ముందు ఆకు వేసి, అన్నం పెట్టి, పక్కన అంబలి దొప్ప పెట్టింది. తనకి వేరే ఆకు తెచ్చుకుంది. కొంచెం అవతలగా వేసుకుని కూర్చుంది.

"తిను సిన్నాన్నా. సల్లారిపోతంది" అంది.