అడుగులు చెరిపే మనిషి

ఆదివారం మధ్యాహ్నం మిరపకాయ బజ్జీలు పట్టుకొచ్చిన లీలాకుమారిని కూతురు మంజులత చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. ఆటలో ఒకరు తక్కువయ్యారట. డైనింగ్ టేబుల్ మీద పాచికలు, పెన్సిలుతో గీసిన అడవి. ఎవరికి వాళ్లు ఒక పాత్ర తీసుకుని, మాటలతోనే ఆ అడవి దాటాలి. కథ నడిపేది మంజులత క్లాస్‌మేటు జేవియర్.

“మీది వేటగత్తె పాత్ర ఆంటీ. జాడలు పట్టడం, దాచడం మీ విద్య. రాజు మనుషులు వెంటపడుతున్నారు. మనవాళ్ల అడుగులు కనబడకుండా ఎలా చేస్తారు?”

ఇది ఆమెకొకరు నేర్పాలా? అందరికంటే వెనక నడుస్తూ కొమ్మతో ఊడుస్తానంది. పొయ్యి బూడిద ఏట్లో కలిపి, పొయ్యి ఉన్న చోట ఎండుటాకులు పరుస్తానంది. పిల్లలు నోరెళ్లబెట్టారు. ఇరవై ఏళ్లుగా ఆమె చేస్తున్నది అదే మరి. “కోడలు ఉన్నట్టే తెలీదు, పనులన్నీ అయిపోతాయి” అని అత్తగారు నలుగురిలో మెచ్చుకునేది. పెళ్లైన కొత్తలో రేడియో నాటకాలకు వెళ్తానంటే, “మా ఇంటి ఆడవాళ్ల గొంతు గడప దాటదు” అన్నాడు భర్త త్రినాథరావు. అందుకే రెండేళ్లుగా, ఆయన ఆఫీసుకెళ్లాక ఈ జూబ్లీహిల్స్ ఇంట్లోంచి ఫిల్మ్‌నగర్‌కు నడిచి, హీరోయిన్లకు డబ్బింగ్ చెప్పి, ఆయన వచ్చేలోగా చెప్పుల దుమ్ము కడిగి పెడుతోంది. సినిమాలు కొని థియేటర్లలో ఆడించే త్రినాథరావు మొన్న ప్రివ్యూలో ఆమె పక్కనే కూర్చుని, “ఎవరిదో గానీ గొంతు బాగుంది” అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు ఆమెకు. ఈసారి టైటిల్స్‌లో పేరు వేస్తామని, ఇవాళ సాయంత్రంలోగా ఏ సంగతో చెప్పమని స్టూడియోవాళ్లు అడిగారు. వద్దని చెబుదామనే అనుకుంది.

పాచిక వేసింది. జేవియర్ చూశాడు.

“దాచేశారు ఆంటీ. కానీ రూల్ ప్రకారం అడుగులు చెరిపేవాళ్లు సగం వేగంతోనే నడవాలి. మిగతావాళ్లు కోట చేరిపోయారు. మీరింకా అడవిలోనే ఉన్నారు.”

లీలాకుమారికి ఒళ్లు మండింది. ఆట మీద కాదు.

“చెరపకపోతే?”

“వాళ్లు మిమ్మల్ని కనిపెట్టేస్తారు.”

“కనిపెట్టనీ బాబూ.”

లేచి హాల్లోకి వెళ్లింది. త్రినాథరావు పేపరు చదువుకుంటున్నాడు. ఆయన పక్కనే ఉన్న ఫోను తీసి నంబరు తిప్పింది.

“పేరు వెయ్యండి. లీలాకుమారి,” అని చెప్పి పెట్టేసింది.

త్రినాథరావు పేపరు దించాడు. “ఎవరికి ఫోను?”

“నేను పనిచేసే చోటికండీ.”