కోడళ్ల అట్టలు

కసువూడ్చి, నీళ్లు పట్టి, టీ తాగినాక నంద్యాలలో నరసమ్మ కట్టర్ చేతికి తీసుకునేది. ఆమె అట్టలో కోసిన నెమలి అచ్చు పెట్టి గీసుకుంటే, లోకంలోని కాగితమంతా అయిపోయేదాకా ఒకే పోలిక నెమళ్లు వచ్చేవి. పెండ్లి మంటపాల పూలకు, ఉరుసు తోరణాలకు, బడిపిల్లల సీతాకోకచిలుకలకు అచ్చులన్నీ ఆమెవే. చీమ మీసాన్ని నిలువునా చీల్చి, రెండు సగాలూ సమానంగా ఉన్నాయో లేదో కొలిచి చూసే మనిషి ఆమె.

అచ్చు అంత కచ్చితంగా ఉంటే మనిషి దాని మాట వినక ఏం చేస్తుంది? అందుకే ఆ వీధికి కొత్త కోడలు రాగానే నరసమ్మ ఇంటికి తెచ్చేవాళ్లు. విప్పదీసిన ఫ్రిజ్ డబ్బా అట్టను గోడకు ఆనించి, దాని ముందు పిల్లను పక్కవాటుగా నిలబెట్టి, నీడ చుట్టూ గీసి, నిలువెత్తున కోసి మేకుకు తగిలించేది నరసమ్మ. కోడలికి ఏది ఎక్కువైతే అత్త వచ్చి చెప్పేది. నరసమ్మ అట్టలో అంతమేర తీసేసేది. పక్కింటి రేష్మాకు నిద్ర ఎక్కువని రెప్పలు తీయించింది వాళ్లత్త. ఆ పిల్ల ఇప్పటికీ గుడ్లు తెరుచుకునే నిద్రపోతుంది. ఎదురింటి దానమ్మ కోడిని కోస్తుంటే కూడా ఏడ్చే మెతక మనిషి. ఆమెకు ఆకలి ఎక్కువని పొట్ట తీయించారు.

సొంత కోడలు జాహ్నవి ఆళ్లగడ్డ పిల్ల. నాయన రంగయ్య రాతిశిల్పాలు చెక్కుతాడు. ఆమె పెండ్లిలో నవ్వితే, ఆయన చెక్కిన సింహాలన్నీ తలలు తిప్పి చూశాయట. ఆ నవ్వు నరసమ్మకు చెవిలో ముల్లు. కాపురానికొచ్చిన వారానికే అట్ట మీద పెదాలు నూలుపోగంత చెక్కేసింది. ఆ తరువాత జాహ్నవి నోట్లోంచి మాటలు సగం సగమే వచ్చేవి, నవ్వు అసలు రాలేదు. మొగుడు వినయ్ డోన్ లారీల మీద తిరుగుతాడు. వాళ్లమ్మ ముందు నిలబడితే ఆ మహానుభావుడికి అట్ట కోయకుండానే వెన్నెముక ఉండదు.

జాహ్నవి చేతుల జోలికి మాత్రం నరసమ్మ పోలేదు. అచ్చులు కోయాలిగా మరి.

ఒకరోజు చెల్లెలు హేమలత ఫోను చేసింది. "అక్కా, నాయన రాయి మీద నుంచి పడినాడు. లేచేటట్టు లేడు. నీ నవ్వు ఒక్కసారి వినాలంటాండు."

"అత్తా, నాయన... పోయొస్తా," అంది జాహ్నవి.

"యాడికే పోయేది? బడోళ్ల కమలాలు మీ నాయనొచ్చి కోస్తాడా?" అని నరసమ్మ లేచి, అట్ట మీద పాదాలు వేలెడు తీసేసింది. ఆనాటి నుంచి జాహ్నవికి బస్టాండు కాశీ అంత దూరమైంది. పొద్దున బయలుదేరితే సందు చివరి కుళాయి దగ్గరే పొద్దుగూకేది.

ఇంతలో ఒక బడివాళ్లు నరసమ్మకు శాలువా కప్పుతామని కబురు పెట్టారు. జన్మంతా వంగి వంగి ఆమె వీపు కొడవలైపోయింది. తన నీడ తాను గీసుకోలేదు. పైగా చేతికి కూడా వణుకు పట్టింది.

"ఏమే, నా అట్ట కోయి. గూను ఒక్కటే తీయి. వెంట్రుకంత తేడా వచ్చిందా, నీ చేతికి యేళ్లుండవు."

జాహ్నవి గీసింది, కోసింది. గూను నెలవంకలా తెగి కింద పడింది. నరసమ్మ నిటారుగా లేచి, దూలానికి తల కొట్టుకుని, పట్టుచీర కట్టి శాలువాకు పోయింది.

అత్త వాకిలి దాటగానే జాహ్నవి తన చాప ఎత్తింది. తన నీడను కోయగా మిగిలిన అట్ట, మధ్యలో మనిషంత బొక్కతో, ఆ చాప కిందే ఉంది. ఎందుకు పారేయాలని నరసమ్మే నేల చలికి పరిపించింది. ఇన్నాళ్లూ జాహ్నవి తన బొక్కలోనే తాను పడుకునేది. రాను రాను ఆ బొక్క ఆమెకు వదులవుతూ వచ్చింది.

దాన్ని కొత్త అట్ట మీద పరిచి, బొక్క అంచు వెంబడి పెన్సిలు పోనిచ్చింది. బొక్కలోపల గీస్తే గీత ఎప్పుడూ కొంచెం లోపలికే పడుతుంది. కాబట్టి గీతకు అవతల కోయాలి. ఇది నరసమ్మ తిట్టి తిట్టి నేర్పిన పాఠమే. కొత్త అట్ట తయారు కాగానే మేకుకున్న పాతది ఉత్త అట్టైపోయింది. పాదాలొచ్చాయి, పెదాలొచ్చాయి. జాహ్నవి నవ్వితే వీధిలోని ఇత్తడి బిందెలన్నీ మోగాయి.

కోడళ్లంతా పరిగెత్తుకొచ్చారు.

"అక్కా, మావి? మా బొక్కల అట్టలు యాడుండాయి?" అంది రేష్మా.

"నీళ్లపొయ్యిలోకి పాయెగదమ్మా, ఎప్పుడో."

ఎవరూ ఏడవలేదు. రేష్మా రెప్పలేని కళ్లతో గోడ వైపు చూసింది. "ఆ నిటారుగుండే అట్ట ఎవురిది?"

జాహ్నవి దాన్ని మేకు మీంచి దించి రేష్మా చేతికిచ్చింది. పైన కత్తెర పెట్టింది. "తలా కొంచెం తీసుకోండి. కొట్లాడొద్దు. నాకు బస్సుకు టైమైతాంది."

ఆమె బస్సు దిగక ముందే ఆమె నవ్వు ఆళ్లగడ్డ చేరి, మంచం మీద రంగయ్యను లేపి కూర్చోబెట్టింది.

ఇక్కడ నరసమ్మ శాలువా కప్పుకుని సందులోకి తిరిగింది. ఒకింటి తరువాత ఒకింట్లో కత్తెర చప్పుడు. కచ్, కచ్. నా సన్మానానికి పూలు కత్తిరిస్తాండారు, పాపం, అనుకుంది. మొదటి వాకిలి దాటేసరికి ముక్కు లేదు. రెండో వాకిలికి మోకాళ్లు తేలికయ్యాయి. నోరు తెరిచి కేకేద్దామంటే ఆ నోరు అప్పటికే ఎవరి చేటలోనో పడి ఉంది. అట్ట మాత్రం ఇంకా సగం వీధి తిరగాలి.

అంతలో కత్తెర చప్పుడు ఆగిపోయింది. ఆగింది చప్పుడు కాదు. తన వంతు రాగానే దానమ్మ ఏడుస్తూ, మిగతాది నరసమ్మకు వినబడకూడదని చెవులు తీసేసింది.