పది పాయింట్లూ అక్క మీదే

శనివారం సాయంత్రం నాలుగింటికి తిరుమలేష్ పంపిన ఎక్సెల్ షీటు ముందేసుకుని కూర్చున్నాను. రాత్రి పదింటికి క్వాలిఫయింగ్, అంటే రేపటి రేసులో ఎవరు ముందు నిలబడాలో తేల్చే పోటీ. సింగపూర్ రోడ్ల మీద ఫార్ములా వన్ కార్లు పరుగెత్తడం ఇదే మొదటిసారి, అదీ రాత్రిపూట, దీపాల వెలుగులో. మా టెస్టింగ్ టీం ఐదుగురమూ టాంపినీస్‌లో మా ఫ్లాట్‌లోనే టీవీ ముందు చేరాలనీ, ఏ కారు ముందు నిలుస్తుందో పందెం వేసుకోవాలనీ అనుకున్నాం. డబ్బు పందెం కాదు. మనిషికి పది పాయింట్లు, ఏ కారు మీద ఎన్ని వేసుకుంటారో వాళ్ళిష్టం. గెలిచినవాళ్ళకి మిగతావాళ్ళు వారం రోజులు ఆఫీసు కింద హాకర్ సెంటర్లో, ఆ చవక తిండి కొట్లలో, భోజనం పెట్టించాలి.

ఈ పందేల పెత్తనమంతా తిరుమలేష్‌ది. కరీంనగర్ మనిషి, ఇరవై ఏడేళ్ళు, ఇంకా పెళ్ళి కాలేదు. ఆఫీసులో నేను వాడి లీడ్‌ని, ఆఫీసు దాటితే అక్కని. యూ టీ అనే పేటలో గది తీసుకుని ఉంటాడు. ద్వీపానికి ఆ కొసన వాడు, ఈ కొసన నేను. అయినా మూడేళ్ళుగా శనివారం వస్తే చాలు, రైలెక్కి మా ఇంటికి భోజనానికి వచ్చేస్తాడు. మా ఆయన కేశవరావు కోడికూర వండేది వాడి కోసమేనని నా అనుమానం.

షీటులో ఒక్కో కారుకీ నిన్నటి ప్రాక్టీసు టైములు వరసగా పెట్టాడు. మొదటి రౌండులో ఐదుగురు ఇంటికి. రెండో రౌండులో ఇంకో ఐదుగురు ఇంటికి. మిగిలిన పదిమందీ చివరి రౌండులో రేపటి రేసుకి పోసుకున్న పెట్రోలుతోనే తిరగాలి. ఎవడు ఎంత పోశాడో ఎవరికీ తెలియదు. తక్కువ పోసినవాడి బండి తేలిగ్గా ఉంటుంది, ఇవాళ ముందుంటాడు. ఇది తెలియకుండా ప్రాక్టీసు టైములు పట్టుకుని పందెం కాయడమంటే గుడ్డెద్దు చేలో పడ్డట్టే. ఆలోచించి వెండి రంగు కారు మీద ఆరు, ఎర్ర కారు మీద నాలుగు వేశాను. తిరుమలేష్ గళ్ళు మాత్రం ఖాళీగా ఉన్నాయి. నాతో వాదించి గానీ వాడు పందెం వెయ్యడు.

పదేళ్ళుగా టెస్టింగ్‌లో ఉన్నదాన్ని. ఎవరు ఎక్సెల్ పంపినా అందులో దాచిపెట్టిన షీట్లు ఉన్నాయేమో చూడనిదే నాకు చెయ్యి ఊరుకోదు. మా ఆయన ఇంటి ఖర్చులు రాసి పంపినా చూస్తాను. మెనూలో ‘అన్‌హైడ్’ నొక్కాను. ఒక షీటు బయటపడింది.

దాని పేరు ‘ఇంటికి ఎవరు?’

అందులో కార్లు లేవు. లత, శ్యాంసుందర్, గోపీకృష్ణ, తిరుమలేష్. మా టీం పేర్లు. కింద ఇంకో వరస, ‘ఎవరూ కాదు’ అని. ఎవరి ఉద్యోగం పోతుందా అని పందెం వేసుకున్నారు!

రెండు వారాల కిందట అమెరికాలో పెద్ద బ్యాంకు కూలింది. నిన్నమొన్నటి దాకా ఐటీ ఉద్యోగాలంటే చెట్టుకి కాసే కాయలే. నెలకో కొత్త మనిషి చేరేవాడు, వారానికో కంపెనీ పిలిచేది. అలాంటిది గురువారం మా మేనేజరు ఈశ్వరరావు గారు నన్ను గదిలోకి పిలిచి, తలుపేసి, ‘టీంలో ఒకరిని తగ్గించాలి, రేపు సాయంత్రానికల్లా పేరు రాసి పంపండి సూర్యకుమారి గారూ’ అన్నారు. మూడో కంటికి తెలియకూడదన్నారు. ఇక్కడ చూస్తే అందరికీ తెలుసు. తెలిసి, రెండు రోజులుగా నా ముందు నవ్వుతూ తిరిగారు.

లత తన పాయింట్లలో ఎనిమిది తన పేరు మీదే వేసుకుంది. ఐదో నెల ఆ పిల్లకి. శ్యాంసుందర్, గోపీకృష్ణ ఒకరి మీద ఒకరు వేసుకున్నారు. తిరుమలేష్ మాత్రం పదికి పదీ ‘ఎవరూ కాదు’ మీద వేశాడు. ఆ గడి మూల చిన్న ఎర్ర గుర్తుంది. మౌస్ పెడితే వాడు రాసుకున్న మాట కనబడింది. ‘అక్క ఉంది. అక్క ఎవ్వరి పేరు రాయదు.’

నిన్న సాయంత్రం ఐదింటికి నేను రాసి పంపిన పేరు తిరుమలేష్.

లత కడుపుతో ఉంది. శ్యాంసుందర్ మొన్ననే ఇల్లు కొన్నాడు. గోపీకృష్ణ భార్య ఇక్కడికి వచ్చి రెండు నెలలు కాలేదు. తిరుమలేష్ ఒంటిగాడు, పైగా మనవాడు. మనవాడైతే ఏమీ అనుకోడు, సర్దిచెప్పుకోవచ్చు. అలా అనుకునే రాశాను. పోయిన నెల వాడికి వేరే కంపెనీ నుంచి ఆఫర్ వస్తే, ‘నేనుండగా నీకేం భయంరా, ఎక్కడికీ వెళ్ళకు’ అని ఆపింది కూడా నేనే. ఆ సంగతి నిన్న ఒక్కసారి కూడా నాకు గుర్తు రాలేదు. ఇప్పుడొచ్చింది. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఫోన్ తీసి ఈశ్వరరావు గారికి చేశాను. పేరు మార్చాలన్నాను.

“నిన్ననే పైకి వెళ్ళిపోయిందండీ. సోమవారం లెటర్ ఇచ్చేస్తారు. వర్క్ పాస్ రద్దయ్యాక నెల రోజుల్లో దేశం వదలాలి, ఆ కాగితాలూ రెడీ అయిపోయాయి” అన్నారు.

బెల్ మోగింది. తిరుమలేషే. చేతిలో వెండి కాగితం చుట్టిన పొట్లం.

“సర్వపిండి అక్కా, నేనే జేసిన. గీసారి మాడలే” అంటూ లోపలికొచ్చి, తెరిచి ఉన్న ల్యాప్‌టాప్ చూసి నాలిక కరుచుకున్నాడు. “అయ్యో, గా షీటు తీసేసుడు మర్చిపోయిన. తిట్టకక్కా. లత మస్తు భయపడుతుంటే ఊకె నవ్వియ్యనీకె పెట్టిన. అక్క ఉండంగ మనకేమైతదని అందరికీ జెప్పిన.”

“నేను పేరు రాశాను తిరుమలేష్.”

“ఎవరిది?”

“నీది.”

నవ్వాడు. ఆటపట్టిస్తున్నాననుకున్నాడు. నా మొహం చూశాక ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది. పొట్లం బల్ల మీద పెట్టి, కుర్చీ పక్కనే ఉన్నా కూర్చోకుండా నిలబడిపోయాడు. లత కడుపు, శ్యాంసుందర్ ఇల్లు, గోపీకృష్ణ భార్య, అన్నీ వరసగా చెప్పాను. చెబుతుంటే నాకే అవి ప్రాక్టీసు టైముల్లా వినిపించాయి.

అంతా విని మెల్లగా అడిగాడు. “పోయిన నెల నేను పోతనంటే ఎందుకాపినవక్కా?”

“అప్పుడు ఇలా అవుతుందని నాకేం తెలుసురా.”

“నిన్న తెలుసు కదా. నిన్న నన్నొక్క మాట అడిగితే అయిపోతుండె. నేనే నా పేరు రాయమందును గావచ్చు.”

ఏడుపొచ్చేసింది. “తప్పయిపోయిందిరా. నువ్వు మనవాడివి కదా, ఏమీ అనుకోవని...”

వాడు గుమ్మం దగ్గరికి వెళ్ళి బూట్లు వేసుకున్నాడు. తాడు ముడి రెండుసార్లు జారింది. మూడోసారి గట్టిగా బిగించి లేచి, నా కళ్ళలోకి సూటిగా చూశాడు.

“అనుకుంటున్నక్కా” అన్నాడు.

లిఫ్ట్ కోసం ఆగలేదు. తొమ్మిది అంతస్తులూ మెట్ల మీదే దిగి వెళ్ళిపోయాడు.